బొల్లికి మూడో నెల

పిచ్చమ్మ పేడ గంపను కొట్టంలోంచి ఈడ్చుకొచ్చింది. గుమ్మానికి అడ్డంగా వేసిన తాటి దుంగ మీదుగా దాన్ని ఇవతల పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. అప్పుడు పుష్పలత వచ్చి గంప నెత్తికెత్తుకుంది. అత్తాకోడళ్ళ మధ్య ఆ రెండడుగుల ఎడం నెలకు మూడు రోజులుంటుంది. ఇది రెండో రోజు.

ఆ మూడు రోజులు పుష్పలతకు పనేమీ తగ్గదు. పని చేసే చోటు మారుతుంది, అంతే. వంటింటి గడప దాటొద్దు. నీళ్ళ బిందె ముట్టొద్దు. పసుల కొట్టంలో కాలు పెట్టొద్దు, పాలచెంబు కంటబడితే మొహం పక్కకు తిప్పుకోవాలి. పేడ ఎత్తి పెంటకుప్ప మీద పోయొచ్చు. వాకిలి ఊడవొచ్చు. పత్తి చేనుకు పోయి పొద్దుగూకే దాకా నడుం వంచి కలుపు తీయొచ్చు. చేనుకు లేని మైల కొట్టానికి ఎందుకని పెండ్లయిన కొత్తలో ఒకసారి అడిగింది. "చేను పాలిస్తదా?" అంది పిచ్చమ్మ. అన్నం తింటున్న సంపత్ పొలమారిందాకా నవ్వాడు. మళ్ళీ ఆమె అడగలేదు.

వసారా చివర, చూరు నీళ్ళు చిందే చోట ఆమె చాప. చాప పక్కన సొట్టలు పడ్డ సిల్వర్ పళ్ళెం, ఒక గ్లాసు, ఒక బొంత. వీధిలో పోయే ఎవరికైనా ఆ చాప కనబడుతుంది. అంటే ఈ నెల కూడా ఏమీ లేదని ఊరికంతా తెలుస్తుంది. చాప పరిచిన రోజు పిచ్చమ్మ పెద్దగా ఏమీ అనదు. పొయ్యిలో కట్టె తోస్తూ ఒక నిట్టూర్పు విడుస్తుంది, వసారా దాకా వినబడేటట్టు.

పేడ పోసి గంప దులుపుతుండగా కొట్టంలో ఆవు అరిచింది. మామూలు అరుపు కాదు. మెడ చాచి, కడుపులోంచి లాగి అరిచినట్టు. కాసేపాగి మళ్ళీ.

"సంపతూ! ఓ సంపతూ! లెవ్వయ్యా! బొల్లి అరుస్తంది. మళ్ళ పొర్లినట్టుంది."

పొర్లడమంటే చూడి కట్టించే సూది నిలవకపోవడం, చూడి కట్టిందనుకున్న ఆవు మళ్ళీ ఎదకు రావడం. బొల్లికి ఒక ఈత అయింది. ఆ తర్వాత సంక్రాంతి దాటాక ఒకసారి, శివరాత్రికి ఒకసారి సూది వేయిస్తే రెండుసార్లూ పొర్లింది. మూడో సూది ఎండాకాలంలో వేశారు. ఇప్పుడు శ్రావణం.

సంపత్ లుంగీ ఎగగట్టుకుంటూ బయటికొచ్చాడు. అశ్వారావుపేట మిల్లుకు పామాయిలు గెలలు తోలే ట్రాక్టరు అతనిది. కొట్టంలోకి తొంగి చూసి, తోక ఎత్తి చూసి, చెయ్యి గోడకు తుడిచాడు.

"అవ్, ఎదే. జిగురు గూడ కనబడుతుంది."

ఆ ఊళ్ళో సెల్లు మోగాలంటే ఎత్తు మీద నిలబడాలి. సంపత్ ట్రాలీ ఎక్కి, గెలల మీద నిలబడి, ఒక చెవి మూసుకొని అరిచాడు. "హలో, రవీందరూ! నేను, సంపత్ ను. ఆవు మళ్ళ వచ్చింది... అదే, బొల్లిది... అవ్, నాలుగోసారి... జల్దీ రా, పదింటికల్లా నేను లోడుతోని పోవాలె."

పుష్పలత గంప చేత్తోనే పట్టుకొని వాకిట్లో నిలబడింది.

"అది ఎద కాదు," అంది.

సంపత్ ట్రాలీ మీంచే చూశాడు. "ఏందీ?"

"చూడితోని ఉంది. మూడో నెల. ఎద కాదు."

"ఆవు చెప్పిందా నీకు?"

కొట్టం గుమ్మంలోంచి పిచ్చమ్మ అందుకుంది. "కడుపుల సంగతి మా కోడలికే బాగ తెలుసులే అయ్యా. ఇనాలె మరి."

ఆ మాట గుచ్చాల్సిన చోటే గుచ్చింది. పుష్పలత గంప అంచు గట్టిగా పట్టుకుంది. "మళ్ళ సూది దింపితే లోపలిది పోతది. ముందు చూపియ్యాలె."

"నీకేం తెలుసే? సర్కారు ట్రైనింగైన మనిషి వాడు. వానికి తెల్వదా?" సంపత్ కిందికి దూకాడు. "ఇదే ఆఖరు. ఈసారి నిలవకపోతే అంగడికి తోలుడే. ఎన్నాళ్ళని ఊకెనే మేపాలె?"

వానికి తెల్వదా. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అప్పుడు 'అమ్మకు తెల్వదా' అన్నాడు. మనిషి పేరొక్కటే మారింది.

చాప మీద కూర్చుంటే తాటాకు తడిక సందులోంచి బొల్లి వెనక భాగం కనబడుతుంది. మొహం మీద తెల్ల మచ్చ ఉన్న ఎర్రావు అది. అయిదేండ్ల కింద పుష్పలత నెల రోజులు తల్లిగారింట్లో, కారేపల్లిలో ఉండి తిరిగొస్తుంటే, ఆ తల్లి నోటితో ఏమీ అనకుండా ఈ పెయ్యదూడ పలుపు కూతురి చేతికిచ్చింది. అందుకని ఆవు ఇంటిదే అయినా దాని మంచిచెడ్డలు పుష్పలతవి. మూడో సూది వేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. తునికాకు కొనే కల్లం తెరిచిన రోజు. అందరూ ఆకు కట్టలు నెత్తిన పెట్టుకొని పోతుంటే ఆమె ఆవు పక్కనే ఉండిపోయింది. అప్పటినుంచి ఇరవై ఒక్క రోజులకొకసారి పొద్దున్నే లేచి తోక కింద చూసింది. మొదటి ఇరవై ఒక్కటికి ఎద రాలేదు. రెండోదానికి రాలేదు. మూడు, నాలుగు దాటాయి. నాలుగుసార్లు రానిది ఇవ్వాళ లెక్క తప్పిన రోజున ఎందుకొస్తుంది? అయినా ఎదకొచ్చిన ఆవు మేత మీద మనసు పెట్టదు, కుడితిలో మూతి పెట్టి తీస్తుంది, నిలిచిన చోట నిలవదు. బొల్లి అరుస్తూనే ఉంది గాని అరుపుకీ అరుపుకీ మధ్య గడ్డి నములుతూనే ఉంది. జిగురు ఉంది. అది నేలదాకా దిగే తీగలా లేదు, తుమ్మ బంకలా తోకకు అంటుకుంది. ఇవన్నీ ఆమె చూసింది. చెప్పమంటే చెప్పగలదు. ఎవరూ చెప్పమనలేదు.

అప్పుడూ అంతే. పెండ్లయిన రెండో ఏడు రెండు నెలలు ముట్టు తప్పింది. మూడో నెల నడుస్తుంది. పొద్దున వాసన పడేది కాదు. ఎండు మిరపకాయల పక్కకు పోతే కడుపులో దేవినట్టయ్యేది. సంపత్ కు చెప్తే సంతోషపడ్డాడు కూడా, అశ్వారావుపేట నుంచి పకోడీ పొట్లం తెచ్చాడు. ఒక తెల్లవారి చీరకు చిన్న మరక కనిపించింది, కుంకుమ బొట్టంత. భయపడి అత్తకు చూపించింది. పిచ్చమ్మ అక్కడికక్కడ రెండడుగులు వెనక్కి జరిగింది. "ముట్టయినవ్. కడుపు లేదు, కాకరకాయ లేదు. ఆగిన ముట్టు వచ్చింది. పో, వసార్ల కూసో." "కాదు అత్తా, లోపల ఉంది, నాకు తెలుస్తుంది. దవాఖానాకు పోదాం," అంది పుష్పలత. ఒక్కసారే అంది. సంపత్ ఇద్దరి మొహాలూ చూసి, "అమ్మ నలుగుర్ని కన్నది. అమ్మకు తెల్వదా?" అన్నాడు. మూడు రోజులు ఆ చాప మీదే, ఇలాంటి వానలోనే. కడుపులో సన్నగా లాగుతుంటే మోకాళ్ళు దగ్గరికి పెట్టుకొని, కదలకుండా పడుకుంటే నిలుస్తుందేమో అనుకుంది. నాలుగో రోజు తలస్నానం, ఉతుకుడు. ముట్టుకున్నవన్నీ ఉతకాలి. చాప, చీర, బొంత. పాత చీరలు ఏడు మడతలేసి కుట్టిన బొంత అది. పొడిగా ఉంటేనే చేతులు పీకుతాయి. తడిస్తే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి పిండాలి. ముట్టు బొంత ఇంకొకరు పట్టరు. బావి నీళ్ళు తనే తోడుకుని, తనే తొక్కి, తనే ఎత్తి దండెం మీద వేయబోతే కడుపులో ఏదో తెగినట్టయింది. కొట్టం వెనక్కి ఎట్లా నడిచిందో తెలియదు. పసుల్ని విప్పుకపోవడానికి వచ్చిన నాగక్క చూసింది. చేతికర్రతో మట్టి తవ్వి, తనే కప్పి, పుష్పలత తల పట్టుకొని కూర్చుంది. పిచ్చమ్మ మాత్రం అడిగిన వాళ్ళందరికీ, "ఏం లేదమ్మా, ముట్టు ఎక్కువైంది," అని చెప్పింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ మాటే నిజం. కడుపు రాలేదు కాబట్టి పోలేదు. పోలేదు కాబట్టి ఏడవడానికి కారణం లేదు. ఊళ్ళో ఎవరన్నా పిల్లల మాటెత్తితే, "మా దానికి ఒక్కసారన్న నిలిస్తే గద," అంటుంది పిచ్చమ్మ.

ఆవు మళ్ళీ అరిచింది.

నాగక్క మందతో వీధి మలుపు తిరిగింది. ఊరి పసుల్ని అడవి అంచుకు తోలుకుపోయే మనిషి. యాభై దాటినా నడక తగ్గలేదు. నెత్తి మీంచి గొంగడి కప్పుకొని, కంచె పక్కన ఆగింది.

"ఏం పిల్లా, అరుపేంది?"

"ఎదంటున్నరు నాగక్కా. సూదికి పిలిచిండ్రు."

"నువ్వేమంటవ్?"

"చూడి."

నాగక్క కంచె మీంచి మెడ చాచి చాలాసేపు చూసింది. "నిన్న మందల భద్రయ్య కోడె ఎక్కబోతే కొమ్ము ఇసిరింది. ఎదైతే నిలబడేది గద. చూడావు గూడ ఒక్కోటి మూడో నెల్ల, నాలుగో నెల్ల గిట్ల అరుస్తది. నేను రెండిటిని సూసిన. ఒకదానికి తెల్వక మళ్ళ కట్టిచ్చిండ్రు. రెండు దినాలకు లోపలిదాన్ని పడేసింది." అక్కణ్ణుంచే గొంతు పెంచింది. "ఓ పిచ్చమ్మొదినా! జర ఆగుండ్రి. ముందు చెయ్యి పెట్టి సూడమను."

పిచ్చమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. "నీకు పసుల్ని తోలుడే పని నాగక్కా. డాక్టరు పని డాక్టరు చేస్తడు. బొల్లిని ఇయ్యాల తోలం, పో."

 నాగక్క కర్ర నేలకు ఆనించి, పుష్పలతను చూసి, కొట్టం వెనక్కి ఒకసారి చూసింది. "నేను చెప్తే ఇనలే. నువ్వు చెప్పు."

"చెప్పిన. ఇనలే."

"ఎన్నిసార్లు చెప్పినవ్?"

పుష్పలత తడిక వైపు చూసింది.

"అప్పుడు గూడ ఒక్కసారే చెప్పినవ్," అంది నాగక్క. మంద ముందుకు పోతుంది. ఆమె దాని వెనక పోయింది.

తొమ్మిదిన్నరకు మోటర్ సైకిల్ చప్పుడైంది. ఊళ్ళు తిరిగి ఆవులకు సూదులేసే గోపాలమిత్ర రవీందర్. ముప్పై లోపే ఉంటాడు. చుట్టూ పది ఊళ్ళకు అతనే. అందరూ డాక్టరనే పిలుస్తారు, అతనూ కాదనడు. వెనక గోనెపట్టా చుట్టి కట్టిన క్యాన్ దించాడు. మూత తీస్తే తెల్లటి పొగ పొర్లి, క్యాన్ అంచుల మీంచి కిందికి జారింది.

"గోరెచ్చ నీళ్ళు తేండ్రి పెద్దమ్మా. అన్నా, ఇంకా మూడూర్లు పోవాలె, జల్దీ చేద్దాం."

పిచ్చమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. రవీందర్ క్యాన్లోంచి కోడె బీజమున్న సన్నని గొట్టం ఒకటి పట్టకారుతో తీసి ఆ నీళ్ళలో వేశాడు. వాచీ చూసుకుంటున్నాడు. అగ్గిపుల్ల కంటే కొంచెం లావు, జానెడు పొడుగు. అది కరిగేదాకే టైము.

పుష్పలత చాప మీంచి లేచింది. "తమ్మీ."

"ఏం వదినా, బాగున్నవా?"

"ముందు చెయ్యి పెట్టి చూడు. అది చూడితోని ఉంది."

రవీందర్ సంపత్ వైపు చూశాడు. సంపత్ పండ్లు కొరికాడు. "నువ్వు గమ్మునుండు. పొద్దున్నుంచి ఇదే పాట."

"ఎద లేంది అన్న ఎందుకు పిలుస్తడు వదినా?" రవీందర్ నవ్వుతూనే గొట్టాన్ని తుడిచి, కొస కత్తిరించి, పొడుగాటి ఉక్కు గన్నులో ఎక్కించాడు. "మూడుసార్లు పోయింది. ఈసారి మంచి టైముకు పట్టిండ్రు. నిలుస్తది చూడు."

"మూడోది పోలేదు. తునికాకు కల్లం నాడు ఏసినవ్. నాలుగు ఎదలు దాటినయ్."

"ఏమే, నీకు చెప్తే అర్థం కాదా?"

రవీందర్ గన్ను పండ్ల మధ్య అడ్డంగా పట్టుకొని, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు చేతికి ఎక్కించుకుంటున్నాడు. మాట్లాడటానికి అతని నోరు ఖాళీగా లేదు. కొట్టం వైపు నడిచాడు. సంపత్ అతని ముందు నడిచాడు, ఆవును పట్టడానికి.

పుష్పలత వాళ్ళిద్దరి కంటే ముందు నడిచింది. నడిచానని ఆమెకు తెలిసింది తాటి దుంగ దాటాకనే. లోపల చీకటి, తడి గడ్డి వాసన. రెండు రోజులుగా రాని మనిషి వచ్చిందని బొల్లి మెడ తిప్పి పలుపు లాగింది. ఆమె ఆవు వెనక భాగానికి వీపు ఆనించి, తోకను పిడికిట్లో పట్టి, గుమ్మం వైపు తిరిగి నిలబడింది.

 పిచ్చమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో, అయ్యో! కొట్టం మైల చేసింది! శ్రావణ శుక్రవారం పూట! సంపతూ, ఏం చూస్తున్నవ్రా? లాగు దాన్ని బయటికి!"

సంపత్ ఒక కాలు దుంగ లోపల పెట్టాడు. చెయ్యి చాచాడు. ఆమె జబ్బ దాకా వచ్చిన చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయింది.

పుష్పలత ఆ చెయ్యిని చూసింది. పండ్లు కొరికే మనిషి, ట్రాక్టరు స్టీరింగును ఒక్క చేత్తో తిప్పే మనిషి. ఆ చెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది. ఇన్నేండ్లూ ఆ రెండడుగులు తనను బయట కూర్చోబెట్టాయనే అనుకుంది. అవి వాళ్ళను కూడా దూరం పెడతాయని ఇప్పుడే తెలిసింది.

"లాగు," అంది ఆమె.  "ముట్టుకో. ముట్టుకొని, తలస్నానం చేసి, ఆ చాప మీద నా పక్కన కూసో. గెలల లోడు ఎవడు తోలుతడో చూద్దాం."

"పుష్పా. వచ్చేయ్ ఇవతలికి. మర్యాదగ చెప్తున్న."

"రాను. చెయ్యి పెట్టి చూసిందాక రాను. చూడి లేకుంటే సూది వేయండ్రి. అంగడికి తోలుండ్రి. నేను నోరెత్త."

"నోరెత్తి ఏం చేస్తవే?" పిచ్చమ్మ దుంగ అవతలే గంతులేస్తుంది గాని కాలు లోపల పెట్టలేదు. "ఎవరింటిదానివి నువ్వు? ఒక్క కాన్పు లేదు, ఆవు కడుపుల ఏముందో చెప్తదట!"

రవీందర్ గన్ను నోట్లోంచి తీశాడు. "కరిగింది అన్నా. ఎక్కువసేపు ఆగదిది. పాడైతది."

"పాడైతే పోనీ," అంది పుష్పలత.

అతను ఆమెను మొదటిసారి సరిగ్గా చూసినట్టుంది. తోకను ఎలా పట్టుకుందో చూశాడు. మెలిపెట్టలేదు, పక్కకు మడిచి పట్టింది, తను పట్టమనే తీరుగానే. "సరే అన్నా. చూస్తే పోయేదేముంది?" గన్నును చూరులో గుచ్చి దుంగ దాటాడు.

"దాన్ని తగలకు బిడ్డా!" అని అరిచింది పిచ్చమ్మ.

"నాకేం పట్టింపు పెద్దమ్మా. పొద్దున్నుంచి మూడావుల పేడల మోచేతిదాక చెయ్యి పెట్టిన. వదినా, తోక అట్లనే పట్టు. జర పక్కకు జరుగు."

చెయ్యి లోపలికి పోయింది. మణికట్టు, మోచెయ్యి, జబ్బ. బొల్లి నడుం వంచి బుసకొట్టింది. పుష్పలత దాని డొక్క మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాసింది. రవీందర్ మొహం ఎటో గోడ వైపు తిరిగి ఉంది, చూపు మాత్రం గోడ మీద లేదు. మొదట తొందర తొందరగా కదిలిన భుజం ఒక చోట నెమ్మదించింది. ఆగింది. చూరు నీళ్ళు దుంగ మీద పడుతున్న చప్పుడు. సంపత్ ఊపిరి చప్పుడు. పుష్పలతకు అప్పుడు అనుమానమొచ్చింది. ఒకవేళ లేకపోతే? తను చూసిందంతా తన మనసు కల్పించుకున్నదే అయితే? అప్పుడు ఆ మూడో నెల కూడా కల్పించుకున్నదే అవుతుంది, పిచ్చమ్మ చెప్పిందే నిజమవుతుంది. నాగక్క తవ్విన మట్టి కూడా అబద్ధమవుతుంది. ఆమె తోకను వదల్లేదు.

రవీందర్ చెయ్యి మెల్లగా వెనక్కి తీశాడు. ఏదో నిద్రపోతున్నదాన్ని లేపకుండా గదిలోంచి వచ్చే మనిషిలా తీశాడు.

"ఉంది," అన్నాడు.

సంపత్ దుంగ లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మూడు నెలలు. కుడివైపు నీళ్ళ తిత్తి లెక్క దిగింది. లోపల తగిలింది, ఉడతంత ఉంటది." తొడుగు విప్పి పక్కన పడేశాడు. "గన్ను దింపుంటే రేపో ఎల్లుండో కడుపు జారి ఈసుకపోయేది అన్నా. నా చేతుల మీద పోయేది." బయటికొచ్చి చూరులోంచి గన్ను తీసి, అందులోని గొట్టాన్ని లాగి పెంటకుప్ప మీదికి విసిరాడు.

వీధిలో పోతున్న సమ్మయ్య కంచె దగ్గర ఆగాడు. "ఏమైంది సంపతూ, లొల్లి వినబడుతుంది?"

సంపత్ తల గోక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏం లే మామా. సూదికని పిలిచిన. నాకే ఎందుకో అనుమానమొచ్చి ముందు చెయ్యి పెట్టి చూడమన్న. చూస్తే మూడు నెలల చూడి."

"మంచి పని చేసినవ్ రా," అని సమ్మయ్య పోయాడు.

పుష్పలత కొట్టంలోంచి ఆ మాట విన్నది. ఆశ్చర్యం కలగలేదు. తన మాట అతని మాటగా మారడం ఎప్పుడూ ఇంత జల్దీగా కాలేదు, అంతే. బొల్లి అరవడం ఆపి, మూతితో ఆమె భుజం మీది చీరను తడి చేస్తుంది. ఆమె దాని మెడ కింద చెయ్యి వేసి అట్లాగే ఉంది. పిచ్చమ్మ ఇంట్లోకి పోయి, పసుపు నీళ్ళ చెంబుతో తిరిగొచ్చి, కొట్టం శుద్ధి చేయడానికి ఈమె ఎప్పుడు బయటికొస్తుందా అని దుంగ దగ్గర కాచుకొని ఉంది.

రవీందర్ చేతులు కడుక్కొని మంచం పట్టె మీద కూర్చొని సంచిలోంచి పుస్తకం తీశాడు. "రాసుకోవాలె. సంపత్... బొల్లి... ఎర్రావు. ఎన్నో ఈత అన్నా ఇది?"

"రెండోది."

"మధ్యలో ఎప్పుడన్న ఈసుకపోయిందా? రెండో నెల, మూడో నెల?"

"లే."

"బాగ యాది చేసుకో అన్నా. ఒకసారి పోయినదుంటే రాసుకోవాలె మేము. దానికి బరువు మోపొద్దు, దూరం తోలొద్దు, జారే చోట కట్టొద్దు. పైలంగ చూసుకోవాలె. అందుకే అడుగుడు. చెప్పుండ్రి, ఈ ఇంట్ల పోయిందా ఎప్పుడన్న?"

"పోయింది," అంది పుష్పలత.

కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది, దుంగకు లోపలి వైపు.

రవీందర్ పెన్ను ఎత్తాడు. "ఎప్పుడు వదినా?"

"అయిదేండ్ల కింద. శ్రావణంలనే. మూడో నెల."

"అప్పటికి ఇది దూడే గద?"

"ఆవుకు కాదు. నాకు."

పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. రవీందర్ తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "వదినా, ఇది... ఇది ఆవుల పుస్తకం."

"తెలుసు తమ్మీ. ఈ ఇంట్ల అడిగింది నువ్వొక్కనివే. అందుకే చెప్పిన."

"ఏమే!" అన్నాడు సంపత్. "పరాయోని ముందర ఏం మాటలవి?"

"అది కడుపేం కాదు నాయనా," పిచ్చమ్మ గబగబా రవీందర్ వైపు తిరిగింది. "ఆగిన ముట్టు. జర రక్తం కనబడంగనే ఇదేమో..." బొల్లి గడ్డి నములుతున్న చప్పుడైంది. పిచ్చమ్మ అటు చూసింది. తోక కింద ఇంకా అంటుకొని ఉన్న జిగురును చూసింది. పొద్దున ఆ అరుపు విని, ఆ జిగురు చూసే చూడి లేదనుకున్నారు.  చేతిలో పసుపు నీళ్ళ చెంబు ఎక్కడ పోయాలో తెలియనట్టు ఒక పక్కకు వంగింది, కొన్ని నీళ్ళు ఆమె కాళ్ళ మీదే పడ్డాయి.

రవీందర్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "ఆవును జారనియ్యకుండ్రి అన్నా," అన్నాడు. క్యాన్ కట్టుకొని, బండి తీశాడు.

ఆ పూట ఆవుకు కుడితి ఇంకా పెట్టలేదు. కుడితి కుండ వంటింట్లో ఉంది. పుష్పలత దుంగ దాటి వాకిట్లోకి వచ్చింది, వసారా ఎక్కింది, చాప పక్కనుంచి నడిచి వంటింటి గడప దాటింది. కుండ ఎత్తుకొని బయటికొచ్చింది. పిచ్చమ్మ పక్కకు జరిగింది. ఎప్పటిలా రెండడుగులే జరిగింది. ఈసారి అది దారి ఇచ్చినట్టుంది.

సంపత్ ట్రాక్టరు తాళం చెయ్యి వేళ్ళ మధ్య తిప్పుతూ మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె అతని ముందర ఆగింది. కుడితి కుండ అంచు అతని చొక్కాకు తగిలేంత దగ్గరగా ఆగింది.

"ఎల్లుండి బొంత ఉతికేదుంది," అంది. "పిండేటప్పుడు ఇంకో కొస నువ్వు పట్టాలె."

అతని జవాబు కోసం ఆగకుండా ఆవు దగ్గరికి పోయింది.